సెకండ్ హ్యాండ్ కారు తనిఖీ చరిత్ర: ఒక ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

హైదరాబాద్‌లో ఇంటి వాడకానికి ఐదు లక్షల లోపు ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనాలి. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేలోపే ఆ బండిని ఎవరు, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పరీక్షించారో ఒకే కాగితం మీదికి రావాలి.

సొంత కార్ల విషయంలో మన దగ్గర ఒక చిక్కుంది. కొత్త బండితో పాటు కంపెనీ ఫారం 22 ఇస్తుంది, రోడ్డు మీద తిరగడానికి తగినదని. ఆ తర్వాత 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లేదాకా ఏ బ్రేకు ఇన్‌స్పెక్టరూ దాన్ని చూడనక్కర్లేదు. మధ్యలో చట్టం అడిగే పరీక్ష పొల్యూషన్ ఒక్కటే. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అనేది పసుపు బోర్డు బండ్ల వ్యవహారం. తెల్ల బోర్డు కారు అమ్మేవాళ్లు "ఎఫ్‌సీ కూడా ఉంది సార్" అంటే రెండే అర్థాలు: తెలియక అన్నారు, లేదా ఆ బండి ఒకప్పుడు ట్యాక్సీ.

కాబట్టి ఇక్కడ తనిఖీ చరిత్ర ఒక చోట దొరకదు. ఆర్‌సీ, పొల్యూషన్ సర్టిఫికెట్లు, ఇన్సూరెన్స్ పాలసీలు, సర్వీస్ బిల్లులు, చలాన్లు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, చివరికి బండి ఒళ్లు... ఇవన్నీ కలిపి కూర్చాలి. కాగితం మీద గీసుకున్న గళ్లు నాలుగే: తేదీ, మీటర్ రీడింగ్, చూసింది ఎవరు, ఏ ఆధారం. తేదీల వరుసలో రాస్తూ పోతే రీడింగ్ పెరుగుతూ రావాలి. ఎక్కడైనా తగ్గినా, రెండేళ్ల పాటు ఏ ఎంట్రీ లేకపోయినా అక్కడ ఆగాలి. విడివిడిగా చూస్తే ప్రతి కాగితమూ నిజంలాగే ఉంటుంది. అబద్ధం బయటపడేది వాటిని పక్కపక్కన పెట్టినప్పుడే.

మొదటి బండి: తెల్ల డీజిల్ సెడాన్, 2015

మీటర్ 78,000 చూపిస్తోంది. ధర తక్కువ, పాలిష్ ఎక్కువ. ఇంజను గదిని కూడా కడిగి, ప్లాస్టిక్ భాగాలకు సిలికాన్ స్ప్రే కొట్టారు. అమ్మకానికి పెట్టిన బండి ఇంజను గది మెరుస్తోందంటే ఆయిల్ లీకులు ఎక్కడున్నాయో ఆ రోజు కనబడవు. వారం నడిపాకే బయటికొస్తాయి.

ముందుగా నంబరు ప్లేటు. బండి 2015ది, నంబరు మాత్రం టీజీతో మొదలవుతోంది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ. పాత నంబర్లను ఎవరూ మార్చుకోవాల్సిన పని లేదు, ఏపీ 09, ఏపీ 28 బండ్లు ఇప్పటికీ ఆ నంబర్లతోనే తిరుగుతున్నాయి. మరి 2015 బండికి టీజీ ఎలా వచ్చింది? ఒకటి, వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టరై ఉండాలి. రెండు, ట్యాక్సీ నుంచి సొంత బండిగా మారి ఉండాలి. ఇక్కడ ట్యాక్సీలకు టీఎస్ 07 యూఏ లాంటి వేరే శ్రేణి నంబర్లు ఇస్తారు, సొంత బండిగా మారినప్పుడు అది వదిలేయాలి.

ఆర్‌సీ కార్డులో మూడు తేదీలు చూడాలి: తయారైన నెల, రిజిస్ట్రేషన్ తేదీ, చెల్లుబాటు. తయారీకి, మొదటి రిజిస్ట్రేషన్‌కి మధ్య నాలుగైదు నెలలకు మించి తేడా ఉంటే యార్డులో ఎందుకు నిలబడిందో అడగాలి. ఈ బండికి అక్కడ తేడా ఏమీ లేదు.

తర్వాత ఛాసిస్ నంబరు. 17 అక్షరాలూ కార్డు చూసి కాదు, బండి మీద పంచ్ చేసింది చూసి రాసుకోవాలి. కొన్ని మోడళ్లలో ఇంజను వెనక ఫైర్‌వాల్ మీద ఉంటుంది, కొన్నింటిలో ముందు సీటు కింద కార్పెట్‌కి కోసిన చిన్న రెక్క ఎత్తితే కనిపిస్తుంది. అక్షరాల లోతు ఒకేలా ఉండాలి, చుట్టూ గ్రైండింగ్ గీతలు, వెల్డింగ్ అతుకు ఉండకూడదు. మొదటి మూడు అక్షరాలు కంపెనీవి: ఎంఏ3 అంటే మారుతి, ఎంఏఎల్ అంటే హ్యుందాయ్, ఎంఏటీ అంటే టాటా. చాలా కంపెనీలు పదో అక్షరంలో సంవత్సరం పెడతాయి: ఎఫ్ అంటే 2015, జీ 2016, హెచ్ 2017. ఐ వాడరు కాబట్టి 2018కి జే.

బండి ఎన్ని నంబర్లు మార్చినా ఛాసిస్ నంబరు మారదు, కంపెనీ సర్వీస్ సెంటర్ల రికార్డు ఉండేదీ దాని మీదే. యజమాని ఒప్పుకొని పక్కనుంటే వర్క్‌షాపులో హిస్టరీ ప్రింటు తీయించుకోవచ్చు. ఈ సెడాన్ ప్రింటులో చివరి ఎంట్రీ 2018 ఫిబ్రవరి, రీడింగ్ 1,31,400. అంటే మూడేళ్లలో లక్షా ముప్పై వేలు దాటిన బండి ఇప్పుడు 78,000 దగ్గరుంది. పని ఇక్కడితో అయిపోయినట్టే. అయినా మిగతా ఆధారాలు కూడా ఫైల్లో పెట్టాం, ఇంకో బండి దగ్గర సర్వీస్ ప్రింటు దొరకకపోతే ఇవే దిక్కు.

పాత పాలసీ కాపీ: 2019 నాటిది. అందులో ప్రైవేట్ కార్ ప్యాకేజీ అని లేదు, ప్రయాణికులను మోసే కమర్షియల్ వాహనం అని ఉంది. పాత నంబరు కూడా అందులోనే దొరికింది.

ఎఫ్‌సీ వరుస: ట్యాక్సీ అని తేలాక ఏ ఏడాది ఎఫ్‌సీలు ఉండాలో లెక్క కట్టవచ్చు. పాత రూల్ ప్రకారం కొత్త ట్రాన్స్‌పోర్ట్ బండికి రెండేళ్లు, ఆపైన ఏటా. 2018 నవంబరులో సవరణ వచ్చింది: ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. 2015 మార్చి బండికి 2017, 2018, 2019, 2021, 2023, 2024 మార్చిల్లో ఎఫ్‌సీ పడాలి. 2021ది ఆలస్యమైనా తప్పు పట్టకూడదు. కరోనా కాలంలో 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన కాగితాలకు కేంద్రం పొడిగిస్తూ పోయి 2021 అక్టోబరు 31 దాకా తెచ్చింది. ఇవి కాక వేరే ఖాళీలుంటే బండి ప్రమాదంలో పడి నిలిచిపోయిందా, ఫైనాన్స్ వాళ్లు ఎత్తుకెళ్లారా అని అడగాలి. ఎఫ్‌సీ ఫారం 38లో మీటర్ రీడింగ్ ఉండదు. కిలోమీటర్ల కోసం దాన్ని నమ్ముకుని లాభం లేదు, తేదీల కోసమే.

బండి ఒళ్లు కూడా అదే చెప్పింది. సొంత కారులో అరిగేది డ్రైవరు వైపు. ట్యాక్సీలో వెనక ఎడమ తలుపు హ్యాండిల్, ఆ వైపు సీటు కుట్లు, ఆ గుమ్మం ప్లాస్టిక్ అరుగుతాయి. నంబరు ప్లేటు స్క్రూ రంధ్రాల్లో పసుపు రంగు పొలుసులు కనబడ్డాయి. యాక్సిలరేటర్ పెడల్ పైన వైరింగ్‌ను కోసి, మళ్లీ కలిపి టేపు చుట్టారు. ట్యాక్సీలకు పెట్టే గంటకు 80 కిలోమీటర్ల స్పీడ్ గవర్నర్‌ను ఎలక్ట్రానిక్ పెడల్ ఉన్న బండ్లలో ఇక్కడే కలుపుతారు. తీసేశాక ఆ అతుకులు మిగిలిపోతాయి, వానాకాలంలో తేమ పట్టి బండి ఉన్నట్టుండి పికప్ కోల్పోతుంది.

"మీటర్ ఒరిజినలే అన్నా, ఒక్కసారి కూడా ఇప్పలే" అన్నాడు బ్రోకర్. మీటర్ ఇప్పకుండానే ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించే చోటు) నుంచి రీడింగ్ మార్చే పరికరాలున్నాయి, కాబట్టి ఆ మాట నిజమే అయినా ఉపయోగం లేదు. కొన్ని మోడళ్లలో కిలోమీటర్ల లెక్క క్లస్టర్‌లోనే (డాష్‌బోర్డు మీది మీటర్ పెట్టె) కాక బాడీ కంట్రోల్ మాడ్యూల్, ఏబీఎస్ మాడ్యూల్‌లో కూడా నమోదవుతుంది. మీటర్ తిప్పేవాళ్లు చాలాసార్లు క్లస్టర్‌తో సరిపెడతారు. కంపెనీ స్కానర్‌తో మిగతావి చదివితే తేడా బయటపడుతుంది.

ట్యాక్సీగా తిరిగిన బండి కొనకూడదని కాదు. హైవే మీద సవ్యంగా తిరిగిన రెండు లక్షల డీజిల్ ఇంజను, ఆయిల్ మార్చకుండా వీధుల్లో తిరిగిన అరవై వేల బండికంటే మేలు. కాకపోతే ధర రెండు లక్షల బండి ధరగా ఉండాలి, కిలోమీటర్లు నిజంగా తెలియాలి. టైమింగ్ బెల్టు, టర్బో, ఇంజెక్టర్ల పని ఎప్పుడు పడుతుందో లెక్కగట్టేది కిలోమీటర్లను బట్టే.

స్థితి: తిరస్కరణ.

త్వరగా పక్కన పెట్టినవి

ఢిల్లీ డీజిల్ ఎస్‌యూవీ. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో అవి దక్షిణాదికి చవగ్గా వచ్చాయి. ధర చూసి సంబరపడేముందు లెక్కలో కలపాల్సినవి: అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), దొంగ బండి కాదని ఎన్‌సీఆర్‌బీ రికార్డు, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. ఈ బండికి ఎన్‌ఓసీ ఇంకా తీయలేదు, "మీరు డబ్బు కట్టాక తెప్పిస్తాం" అన్నారు. ఎన్‌ఓసీ చేతికి రాని బండికి డబ్బు కట్టకూడదు.

2010 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 15 ఏళ్లు నిండాయి, ఆర్‌సీ గడువు తీరింది. ఫారం 25తో రెన్యువల్, బండిని ఆర్టీఏ దగ్గరికి తీసుకెళ్లి ఇన్‌స్పెక్షన్, పాసైతే ఐదేళ్లు. 2022 ఏప్రిల్ నుంచి కారుకు రెన్యువల్ ఫీజు 5,000, ఆలస్యానికి నెలకు 500, పైన గ్రీన్ ట్యాక్స్. అమ్మేవాళ్లే రెన్యువల్ చేయించి ఇస్తే మంచి బేరమే, ఎందుకంటే ప్రభుత్వ తనిఖీ నిజంగా జరిగిన సొంత కారు అదొక్కటే అవుతుంది. వాళ్లు ఒప్పుకోలేదు.

సీఎన్‌జీ కిట్ ఉన్న బండి ఒకటి. కిట్ ఆర్‌సీలో ఎక్కలేదు, సిలిండర్ హైడ్రో టెస్ట్ ప్లేటు మీద తేదీ మూడేళ్లు దాటింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఈ రెండూ అడ్డం తిరుగుతాయి.

రెండో అసలు బండి: పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2017

మొదటి ఓనరు చేతిలోనే ఉంది. టీఎస్ 10 నంబరు, అంటే సికింద్రాబాద్ రిజిస్ట్రేషన్. మీటర్ 46,200. ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది గానీ ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) ఇంకా అలాగే ఉంది. ఇది పెద్ద దోషం కాదు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో తీయించాలి. ట్రాన్స్‌ఫర్ కాగితాల కంటే ముందే ఈ పని జరగాలి. లేకపోతే మొత్తం ఆగిపోతుంది.

*ఇన్సూరెన్స్.* ఈ ఫైల్లో అన్నిటికంటే ఎక్కువ మాట్లాడింది పాలసీలే. ప్రతి ఏటి పాలసీ మీద నో క్లెయిమ్ బోనస్ శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిస్తే అది 20, 25, 35, 45, 50గా ఎక్కుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడుతుంది. 2017లో కొన్న ఈ బండికి 2018 నుంచి 2022 దాకా వరుసగా 20, 25, 35, 45, 50 ఉన్నాయి. 2023లో సున్నా. అంటే 2022-23లో ఏదో జరిగింది. యజమానిని అడిగితే ఎడమ వైపు ఒక ఆటో గీసుకుపోయిందని, రెండు తలుపులు, ఫెండర్ పని చేయించామని బిల్లు చూపించారు. ఈ మాట నిజమో కాదో పెయింట్ మీటర్ చెబుతుంది, కింద రాశాం.

ఈ లెక్కలో మూడు మెలికలున్నాయి. బోనస్ బండిది కాదు, మనిషిది, ఓనరు మారితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పాలసీ గడువు తీరి 90 రోజులు దాటినా పోతుంది, క్లెయిమ్ లేకపోయినా సరే. బోనస్ కాపాడే యాడ్-ఆన్ తీసుకుని ఉంటే క్లెయిమ్ చేసినా శాతం పడదు. కాబట్టి శాతంతో పాటు పాలసీ మొదలైన తేదీలూ, యాడ్-ఆన్ల వరుసా చూడాలి. గడువు తీరాక తీసుకున్న పాలసీ ఉంటే అదొక వరం: దానికోసం కంపెనీ వాళ్లు బండిని చూసి ఫొటోలు తీస్తారు, మీటర్ ఫొటోతో సహా. సొంత కారుకు మధ్యలో జరిగే తనిఖీల్లో ఇదొకటి. అమ్మేవాళ్ల ఈమెయిల్లో ఆ రిపోర్టు ఉండే అవకాశం ఉంది, అడగాలి.

2020-21 పాలసీకి ప్రత్యేకంగా గుర్తు పెట్టుకున్నాం. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్‌లో ఎన్నో కాలనీలు మునిగాయి, సెల్లార్లలో కార్లు తేలాయి. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా తేలుస్తుంది. ఆ బండి వేలంలో పోతుంది, కొన్నవాళ్లు బాగు చేసి మళ్లీ రోడ్డెక్కిస్తారు. ఆర్‌సీ రద్దు కాని పక్షంలో కాగితాల్లో అది మామూలు బండే. 2021 పాలసీలో ఈ హ్యాచ్‌బ్యాక్ బోనస్ 35 నుంచి 45కి ఎక్కింది, యాడ్-ఆన్ లేదు. మునిగిన బండి కాదనడానికి ఇది సగం సాక్ష్యం. మిగతా సగం బండి లోపల చూడాలి.

*పొల్యూషన్.* మొదటి ఏడాది అక్కర్లేదు. ఆ తర్వాత బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాదికోసారి, అంతకు పాతవాటికి ఆర్నెల్లకోసారి. బీఎస్-4 పెట్రోల్ కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల కొలత) 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి. సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది కాదు, అంకెలు చదవాలి. ఈ బండికి మూడు సర్టిఫికెట్లు దొరికాయి. రెండింటిలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ రెండూ చివరి అంకె దాకా ఒకటే. ఏడాది తేడాతో చేసిన రెండు పరీక్షల్లో అలా రావడం కుదరని పని, బండిని తేకుండా ఫొటో మాత్రమే పెట్టి తీయించినవి. ఇందులో యజమాని మోసం ఏమీ లేకపోవచ్చు, ఊళ్లో సాగుతున్న పద్ధతే అది. మన కాగితంలో మాత్రం ఆ రెండింటికీ సాక్ష్యం విలువ ఇవ్వలేదు. దగ్గరుండి ఇంజను బాగా వేడెక్కాక కొత్తగా పరీక్ష చేయించాం: కార్బన్ మోనాక్సైడ్ 0.06, హైడ్రోకార్బన్లు 48. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) పని చేస్తోంది. చల్లటి ఇంజనుతో పరీక్షిస్తే మంచి బండి కూడా ఫెయిలవుతుంది, అది గుర్తుంచుకోవాలి.

*చలాన్లు, ఫాస్టాగ్.* తెలంగాణ ఈ-చలాన్ సైట్లో నంబరు కొడితే పెండింగ్ చలాన్లు, వాటితో పాటు ఫొటోలు, తేదీలు, స్థలాలు వస్తాయి. కట్టాల్సిన డబ్బుకంటే ఆ ఫొటోలు విలువైనవి, ఏ తేదీన బండి ఏ రంగులో, ఏ బంపరుతో ఉందో వాటిలో కనిపిస్తుంది. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ యజమాని ఫోన్లోనే ఉంటుంది. నెలకు రెండుసార్లు విజయవాడ వైపు టోల్, పండక్కి ఒకసారి ఎక్కువ. 46,200కి ఇది సరిపోతుంది.

జాతీయ యాప్‌లో వివరాలు సరిగా రాకపోతే కంగారు పడనక్కర్లేదు. తెలంగాణ రవాణా శాఖ చాలా కాలం కేంద్రం వాహన్ వ్యవస్థలో చేరకుండా సొంత సాఫ్ట్‌వేర్ నడిపింది, అందుకే మన బండ్ల పాత సమాచారం అక్కడ వెలితిగా ఉంటుంది. రాష్ట్ర శాఖ సైటుతో, ఒరిజినల్ ఆర్‌సీ కార్డుతో సరిచూసుకోవాలి.

ఓబీడీ: ఆగిన చోటు

ఓబీడీ పోర్టు స్టీరింగ్ కింద ఉంటుంది. బ్లూటూత్ ఈఎల్ఎం327 అడాప్టర్, ఫోన్లో ఒక యాప్ చాలు. 2013 ఏప్రిల్ తర్వాతి కార్లకు ఓబీడీ-2 ఉంటుంది. ఇంజను లైటు వెలగడం లేదు కదా అని సరిపెట్టుకోకూడదు. చూడాల్సినవి మూడు: నిల్వ ఉన్న లోపాల కోడ్లు, పెండింగ్ కోడ్లు, కోడ్లు చెరిపాక నడిచిన దూరం.

ఈ బండిలో కోడ్లు లేవు. చెరిపాక నడిచిన దూరం మాత్రం 38 కిలోమీటర్లు. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ మానిటర్లు (బండి కంప్యూటర్ తనంతట చేసుకునే పరీక్షలు) "పూర్తి కాలేదు" అని చూపిస్తున్నాయి. అంటే ఎవరో ఈ మధ్యే మెమరీ తుడిచారు. అమ్మకానికి ముందు ఇంజను లైటు ఆర్పడానికి చేసే పని సరిగ్గా ఇదే. బ్యాటరీ మార్చామని యజమాని అన్నారు. చాలా బండ్లలో బ్యాటరీ తీస్తే ఇది కూడా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి కుదిరే మాటే, బ్యాటరీ మీది తేదీ, బిల్లు కూడా కలిశాయి.

కలిసినా సరే, మళ్లీ స్కాన్ చేసేదాకా బేరం ఆపాం. బండిని మామూలుగా నడపమన్నాం: పొద్దున చల్లగా స్టార్ట్ చేయడం, ట్రాఫిక్‌లో కొంత, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంతో కొంత. మానిటర్లన్నీ పూర్తవ్వాలంటే ఈ మూడు రకాల నడకా కావాలి. రెండో స్కాన్‌లో దూరం 290, మానిటర్లు పూర్తయ్యాయి, పెండింగ్ కోడ్ ఒక్కటీ లేదు. క్యాటలిస్ట్ బాగుందన్న పొల్యూషన్ అంకెలకు ఇది తోడైంది.

బండి ఒళ్లు

పెయింట్ మీటర్ లేకుండా ఈ పని మొదలెట్టొద్దు. కంపెనీ పెయింటు సుమారు 90 నుంచి 150 మైక్రాన్లు. పైన ఇంకో కోటు పడితే 200 దాటుతుంది, పుట్టీ ఉంటే 500 పైన. రూఫ్‌తో మొదలుపెట్టాలి, దాన్ని ఎవరూ మామూలుగా ముట్టుకోరు, అదే కొలమానం. ఈ బండి రూఫ్ 112. కుడి వైపంతా 105 నుంచి 125. ఎడమ ముందు ఫెండర్ 240, రెండు తలుపులు 260, 310. ఎడమ స్తంభాలు (తలుపుల పక్కన రూఫ్‌ను మోసే పిల్లర్లు) మాత్రం 110 లోపే. ఆటో గీసుకుపోయిందన్న కథ, 2023లో పడిపోయిన బోనస్, ఈ అంకెలు, మూడూ ఒకే మాట చెబుతున్నాయి. స్తంభం మీద 300 వచ్చుంటే ఆ కథను నమ్మేవాళ్లం కాదు. తలుపు మారిస్తే పోయేదేమీ లేదు, స్తంభం కోసి అతికిస్తే ఆ బండి ఇంకో ప్రమాదాన్ని తట్టుకోదు.

తలుపు రబ్బరు బీడింగు లాగి చూస్తే అంచు వెంట గుండ్రటి స్పాట్ వెల్డింగ్ గుంటలు సమాన దూరంలో ఉండాలి. బానెట్ తెరిచి రేడియేటర్ పైనున్న అడ్డపట్టీ, రెండు వైపులా ఏప్రన్లు (ఇంజను గది పక్క రేకులు) అలాగే చూడాలి. బానెట్ కీళ్ల బోల్టుల మీద పెయింటు చిట్లి ఉంటే స్పానర్ పడిందన్నమాట.

నీళ్ల పరీక్ష. సీటు బెల్టును చివరిదాకా లాగి, ఆఖరి అడుగులో మట్టి గీత ఉందేమో చూడాలి. కడిగేవాళ్లు అంతదాకా లాగరు. సీటు కింది పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంట అడుగు, డాష్‌బోర్డు కింద వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము, హెడ్‌లైట్ లోపల తేమ గీత చూడాలి. కార్పెట్ కింద ఫోమ్‌ను వేలితో నొక్కి వాసన చూస్తే సెంటు కొట్టినా దాగదు. ఏమీ దొరకలేదు. అండర్‌బాడీలో పైపై తుప్పు మాత్రమే. హైదరాబాద్‌లోనే పెరిగిన బండికి కింద పొరలు లేచే తుప్పు రాదు. అలా ఉంటే విశాఖలోనో చెన్నైలోనో ఉప్పుగాలికి ఉండొచ్చిందేమో ఆరా తీయాలి.

టైర్లు: పక్క గోడ మీద నాలుగంకెలు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. ముందువి 3122, వెనకవి 0917, స్టెప్నీ కూడా 2017ది. 46 వేల కిలోమీటర్లకు ముందువి ఒకసారి మారడం, వెనకవి అసలువే ఉండటం నమ్మదగ్గ లెక్క. వెనక టైర్లకు గాడి 3 మిల్లీమీటర్లుంది, చట్టం అడిగేది 1.6 మాత్రమే. అయినా వయసు మీరి పక్కల్లో పగుళ్లొచ్చాయి. రెండు కొత్త టైర్ల ఖర్చు బేరంలో తగ్గించాలి.

రోడ్డు మీద: యజమాని ముందే వేడి చేసి పెట్టకుండా చల్లటి ఇంజనుతో స్టార్ట్ కావాలి. బానెట్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. క్లచ్ కోసం జూబ్లీహిల్స్ ఎత్తు చాలు: మూడో గేర్లో పైకి లాగేటప్పుడు ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయింది. ఇది లాగింది. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు ఎడమ వైపు టక్కుమంటోంది. లిఫ్టు మీద ఎత్తి చూస్తే లింక్ రాడ్ బాల్ వదులు, లోయర్ ఆర్మ్ బుష్ బాగానే ఉంది. చిన్న పని, విడిభాగం రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో దొరుకుతుంది.

కాగితం పూర్తయ్యాక

2017 డెలివరీ నుంచి ఇప్పటిదాకా పదహారు వరుసలు నిండాయి. సర్వీస్ బిల్లులు 2022 దాకా కంపెనీ వర్క్‌షాపువి, ఆ తర్వాత బయటి మెకానిక్‌వి. బయటి బిల్లుల్లో రెండింటి మీద మీటర్ రీడింగ్ లేదు, కానీ ఆయిల్ మార్చినప్పుడు ఇంజను గదిలో అతికించిన స్టిక్కర్ మీద ఉంది. రీడింగ్ ఎక్కడా వెనక్కి రాలేదు. కరోనా ఏడాది పెరుగుదల తక్కువ, ఉండాల్సిందే.

స్థితి: కొనుగోలుకు ఆమోదం. వెనక టైర్లు, లింక్ రాడ్, హైపోథికేషన్ తీయించే ఖర్చు మినహాయించి ధర కుదిరింది.

ఇక మిగిలిన పనుల వరుస:

హైపోథికేషన్ తీసేసిన ఆర్‌సీ చేతికొచ్చాకే మిగతా డబ్బు. యాజమాన్య బదిలీకి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద సంతకాలు. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టించుకుని బండి తెచ్చుకోకూడదు, తేదీ వేసే ఇవ్వాలి. అమ్మినవాళ్లు రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలని చట్టం. ఇన్సూరెన్స్‌లో సొంత డ్యామేజీ భాగం మన పేరుకు మారడానికి 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి, లేకపోతే ఆ మధ్యలో దెబ్బ తగిలితే క్లెయిమ్ రాదు. డీలర్ దగ్గర కొంటే మరొకటి చూడాలి: 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు ఆర్టీఏ అనుమతి ఉండాలి, బండి డీలర్ చేతికి వచ్చినట్టు ఫారం 29సీలో ఆర్టీఏకి తెలిపి ఉండాలి.

డెలివరీ నోటు మీద తేదీతో పాటు గంట, నిమిషం, మీటర్ రీడింగ్, ఇద్దరి సంతకాలు. ఆ నిమిషానికి ముందు పడిన చలాన్ అమ్మినవాళ్లది, తర్వాతది మనది. ఈ-చలాన్ సైటుకు ఫొటోలు ఆలస్యంగా ఎక్కుతాయి కాబట్టి బండి తెచ్చుకున్నాక కూడా కొన్ని వారాల పాటు నంబరు కొట్టి చూడాలి. పాత ఫాస్టాగ్‌ను యజమాని క్లోజ్ చేయించి, అద్దం మీది స్టిక్కర్ గీకేశాకే కొత్తది తీసుకోవాలి, ఒక బండికి రెండు ట్యాగులు ఉండవు. తాళంచెవులు రెండూ తీసుకుని రెండింటితోనూ స్టార్ట్ చేసి చూడాలి. తాళంచెవిలో చిప్ ఉన్న బండ్లలో రెండోది తలుపు తీసినా ఇంజను స్టార్ట్ చేయకపోవచ్చు.

పదిహేడో వరుస రాయాల్సింది ఆర్‌సీలో పేరు మారిన రోజున.